అగ్లీ అనే మాట గురించి

ఇంగ్లీషులో ‘అగ్లీ’ అనే విశేషణం ఒకటున్నది. మన పాఠ్యపుస్తకాలలో పాఠం చివర ఇచ్చే పదాల పట్టికలో దానికెదురుగా ‘అందవికారమైన’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. విద్యార్థి దాన్ని బట్టీపట్టి, ‘బ్యూటిఫుల్’కు వ్యతిరేకపదం రాయమన్నప్పుడు రాసి, ఒక మార్కు తెచ్చుకుంటాడు. అంతటితో ఆ మాట కథ ముగిసిందనుకుంటాము. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ – ఈ మూడు ఊళ్లలో మూడు దశాబ్దాలు ఇంగ్లీషు చెప్పి బతికినవాడిని. నాకా ఒక్క ముక్క చాలదనిపిస్తుంది. ఎవరు అంటున్నారు, ఎవరిని చూసి అంటున్నారు, అన్న తర్వాత ఏమి జరుగుతున్నది – ఇవన్నీ ఆ మాట అర్థంలో భాగాలే. నిఘంటువు వాటి జోలికి పోదు. ఆ పని మనమే చేసుకోవాలి.

ముందు మాట పుట్టుక చూద్దాం. ‘అగ్లీ’ ఇంగ్లండులో పుట్టిన మాట కాదు. సముద్రం దాటి దండెత్తి వచ్చిన స్కాండినేవియా జనంతోపాటు, వాళ్ల పాత నోర్సు భాషనుంచి దిగింది. అక్కడ దాని మూలానికి అర్థం భయం. 13వ శతాబ్దపు ఇంగ్లీషులో కూడా అది భయం గొలిపేది అనే అర్థంలోనే కనబడుతుంది. కంటికి ఇంపుగా లేనిది అన్న అర్థం ఆ తర్వాత వచ్చి చేరింది. జర్మను భాషలో ఇదే భావానికి ‘హెస్లిష్’ అంటారు. అది ద్వేషం అనే మాటనుంచి పుట్టింది. రష్యనులో ‘బెజొబ్రాజ్నీ’ అంటారు. రూపం లేనిది అని అర్థం. ఒకరు భయపడ్డారు, ఒకరు ద్వేషించారు, ఒకరు ఆకారం కోసం వెతికి కానరాక విసుక్కున్నారు. వస్తువు ఎట్లా ఉన్నదన్న సంగతి ఈ మాటల్లో తక్కువ. చూసినవాడికి ఏమైందన్నదే ఎక్కువ.

మన భాషలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా ఉన్నది. ‘వికారం’ అంటే సంస్కృతంలో మార్పు, అంతే. పాలు పెరుగు కావడం కూడా వికారమే. అది తెలుగులోకి వచ్చి ముఖానికీ అంటుకున్నది, కడుపులోకీ దిగింది. ‘కడుపులో వికారంగా ఉన్నది’ అంటే వైద్యుడికి కూడా అర్థమవుతుంది. ‘అసహ్యం’ అంటే సహించరానిది అని మాత్రమే అర్థం. సహించలేకపోవడం చూసేవాడి పని, ఆ నింద మాత్రం చూడబడేవాడిది. అలంకారశాస్త్రం బీభత్సాన్ని తొమ్మిది రసాలలో ఒకటిగా లెక్కించి, దానికి స్థాయీభావం జుగుప్స అన్నది. రసం పుట్టేది ప్రేక్షకుడిలో అన్న ఎరుక ఆ లాక్షణికులకు ఉన్నది. మన పదాల పట్టికలకే లేదు.

మా నల్లగొండ పల్లెల్లో అందమైన దానికీ మంచిదానికీ వేరువేరు మాటలు పెద్దగా వాడరు. ‘మంచిగున్నది’ అంటే కూర రుచిగా ఉన్నదనీ కావచ్చు, చీర అందంగా ఉన్నదనీ కావచ్చు, మనిషి నెమ్మదస్తుడనీ కావచ్చు. అట్లాగే ‘చక్కని’ అన్న మాట. చక్కగా అంటే తిన్నగా, సరిగా అని కూడా అర్థం. అందుకే ‘చక్కదిద్దడం’ అంటాము. మడి చక్కజేసినా, నాగలి చక్కజేసినా అదే క్రియ. ఈ లెక్కన అందం అంటే సరిచేయబడినది. సరిచేయబడనిది అందవిహీనం. పనిచేసే మనిషి నోట పుట్టిన మాట కనుకనే దానిలో చేతిపని వాసన ఉన్నది. ‘అగ్లీ’లో అది లేదు. అక్కడ చూడడమే ఉన్నది, చేయడం లేదు.

ఇంతవరకూ వచ్చి మన పండితులనూ ఒక మాట అనకపోతే న్యాయం కాదు. సంస్కృతం నుంచి మారి వచ్చిన మాటలకు మన వ్యాకరణం పెట్టిన పేరేమిటి? వికృతి. బడిపిల్లలందరూ ప్రకృతి–వికృతి అని రెండు వరసలు రాసి వల్లె వేసినవారే. ‘శ్రీ’ ప్రకృతి, ‘సిరి’ వికృతి. ‘కథ’ ప్రకృతి, ‘కత’ వికృతి. ‘భోజనం’ ప్రకృతి, ‘బోనం’ వికృతి. వ్యాకరణ పరిభాషలో వికృతి అంటే మార్పు పొందినదని మాత్రమే అర్థమని పండితులు సమాధానం చెబుతారు. నిజమే. కాని బడిలో కూర్చున్న పిల్లవాడికి ఆ సమాధానం ఎవరు చెప్పారు? తన తల్లి పలికే ‘కత’ వికృతమనీ, పంతులు పలికే ‘కథ’ సహజమనీ వాడు నేర్చుకున్నాడు. బోనం ఎత్తుకున్న ఆడమనిషి నెత్తిన ఉన్న పసుపు కుండ చూసి వికృతమని ఎవరనగలరు?

భాషను అందవికారమన్న చరిత్ర మా ప్రాంతానికి కొత్త కాదు. నిజాం రాజ్యంలో ‘తెలంగీ బేఢంగీ’ అనే ఎత్తిపొడుపు ఉండేది. ఢంగు అంటే తీరు. తీరూతెన్నూ లేని భాష తెలుగు అని దాని భావం. రష్యనువాడి ‘రూపం లేనిది’ వంటిదే ఇది. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన ఒక సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలోనివారు గేలిచేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అది ఆంధ్ర మహాసభ అయింది. ఆ మహాసభే ఆ తర్వాత పల్లెల్లో ‘సంగం’ అయి వెట్టిని ఎదిరించింది. తెలంగాణలో కవులు లేరన్న నిందకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక వెలువరించి, 354 మంది కవులను వరసగా నిలబెట్టాడు. ఒక విశేషణానికి ఇంత పెద్ద జవాబు చెప్పిన ఉదంతాలు చరిత్రలో కొద్దిగానే ఉంటాయి.

1956 నవంబరు 1 తర్వాత ఎత్తిపొడుపు మారింది, మనుషులు మారారు, పని మాత్రం అదే. ఇప్పుడు తెలుగువాడే సాటి తెలుగువాడి మాటను ‘తౌరక్యాంధ్రం’ అన్నాడు. ఈ మూడు ఊళ్లకు ఇది పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. ఎడమ కాలువ నీళ్లు రాగానే మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు కోస్తా జిల్లాల రైతులు వచ్చి భూములు కొన్నారు. కోదాడ సరేసరి, హైదరాబాదు–విజయవాడ రహదారి మీద సరిహద్దును ఒరుసుకొని ఉన్న ఊరు. ఒకే తరగతి గదిలో ‘ఎందుకండీ’ అనే పిల్లవాడూ ‘ఎందుకు సార్ గట్ల’ అనే పిల్లవాడూ పక్కపక్కన కూర్చున్నారు. ఇద్దరి తండ్రులూ అదే కాలువ కింద నాట్లు వేసేవారే. అయినా ఒకడు లేచి నిలబడి మాట్లాడేవాడు, రెండోవాడు నోరు నొక్కుకునేవాడు. రెండోవాడికి ఇంగ్లీషు తొందరగా పట్టుబడడం నేను చాలాసార్లు గమనించాను. ఇంగ్లీషులో అతని యాసను గుర్తుపట్టేవారు లేరు కదా! సినిమాలు దీనికి చేసిన దోహదం తక్కువది కాదు. రౌడీకీ హాస్యగాడికీ తెలంగాణ మాట, నాయకుడికి కోస్తా మాట – ఇది దశాబ్దాలపాటు నడిచిన ఆచారం. 2017లో ‘ఫిదా’, 2023లో ‘బలగం’ వచ్చేనాటికి గాలి కొంత తిరిగింది. మార్కెట్టు తిరిగితే గాలి తిరుగుతుంది. దానికి మురిసిపోనక్కరలేదు, విచారించనూ అక్కరలేదు.

‘అగ్లీ’కి మన పదాల పట్టిక చెప్పని మరో వాడుక ఉన్నది. ఇంగ్లీషు పత్రికలలో జనసమూహాన్ని గురించి ‘టర్న్‌డ్ అగ్లీ’ అని రాస్తారు. జనం తిరగబడ్డారు, ఎదురు తిరిగే పోకడలో ఉన్నారు అని అర్థం. పాత నోర్సు భయం ఇక్కడ చెక్కుచెదరకుండా మిగిలి ఉన్నది. అంతవరకూ అగ్లీ కానిది ఆ క్షణాన అగ్లీ ఎందుకైంది? ముఖాలు అవే, బట్టలు అవే. గడీ ముందు చెప్పులు విడిచి, నెత్తి రుమాలు తీసి, ‘నీ బాంచన్ దొరా, కాల్మొక్త’ అని వంగి నిలబడ్డ మనిషి ఎవరి కంటికీ భయంకరంగా కనబడలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర గూండాల తుపాకికి బలైన తర్వాత, జనగామ, సూర్యాపేట తాలూకాలలో అదే మనిషి కర్ర పట్టి నిటారుగా నిలబడ్డాడు. ఆడవాళ్లు కారపుపొడీ వడిసెలా పట్టారు. ఆనాడు వాళ్లు దొర కంటికి వికృతంగా కనబడ్డారు. చూసే కన్ను గడీ కిటికీలో ఉన్నదని విశేషణం మనకు చెప్పదు. ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయుడు చెప్పాలి. సూర్యాపేట ప్రాంతపు కరివిరాల కొత్తగూడెంలో పుట్టి, 2022 మార్చిలో కన్నుమూసిన మల్లు స్వరాజ్యం ముదిమిలో కూడా సభల్లో మాట్లాడింది ఆ ఊరి మాటే. నేను విన్నాను. అది సరిచేసుకోవలసిన మాట అని ఆ సభలో ఎవరికీ తోచలేదు.

ఇక రూపం సంగతి. మార్క్స్ 1844లో రాసుకున్న, 1932 దాకా పూర్తిగా అచ్చుకెక్కని రాతప్రతులలో డబ్బు గురించి ఒక చోట తమాషాగా వాదిస్తాడు. అందవిహీనుడైనవాడి దగ్గర డబ్బుంటే అందమైన స్త్రీని కొనగలడు, కాబట్టి అతడు అందవిహీనుడు కాడు, ఎందుకంటే అందవికారం ఇతరులమీద చూపే ప్రభావాన్ని డబ్బు రద్దు చేసింది అని. మిర్యాలగూడలో ధాన్యం బేరాలు జరిగే చోట నాలుగు రోజులు తిరిగినవాడికి ఈ వాదం అర్థం కావడానికి జర్మను తత్వశాస్త్రం అవసరం లేదు. అయితే మార్క్స్ మగవాడి వైపునుంచి చెప్పాడు. మన పెళ్లిసంబంధాల్లో ఈ లెక్క ఆడపిల్ల దగ్గర తలకిందులవుతుంది. పిల్ల చామనఛాయ అయితే కట్నం ఇంత, నలుపైతే ఇంకొక రెండెకరాలు. ఇక్కడా డబ్బు అందవికారాన్ని రద్దు చేస్తున్నది. కాని రద్దు చేయించుకునే ఖర్చు పిల్ల తండ్రిది, లాభం పిల్లవాడిది. తడిసిన వడ్లకు తరుగు తీసినట్లే తీస్తారు. వరుడు నల్లగా ఉంటే తరుగు తీసిన ఉదంతం నేను వినలేదు.

ఇంగ్లీషు పెళ్లి ప్రకటనల్లో ‘హోమ్‌లీ’ అన్న మాట చూస్తుంటాము. మనవాళ్లు దానికి ఇంటిపట్టున ఉండే, అణకువగల పిల్ల అని అర్థం చెప్పుకున్నారు. అమెరికాలో ఆ మాటకు అర్థం చూడడానికి బాగుండని ముఖం అని. అగ్లీ అనడానికి నోరు రాక మర్యాదకు వాడే మాట. కోదాడలో నా దగ్గర చదువుకొని అమెరికా వెళ్లిన ఒక అబ్బాయి, అక్కడి సహోద్యోగులకు భార్యను పరిచయం చేస్తూ ‘మా ఆవిడ చాలా హోమ్‌లీ’ అన్నాడట. గది నిశ్శబ్దమైపోయిందని ఉత్తరంలో రాశాడు. నవ్వుకోవలసిన సంగతే. నవ్విన తర్వాత ఆలోచిస్తే, రెండు అర్థాలకూ మధ్య అంత దూరం లేదనిపిస్తుంది. ఆడదాన్ని ఇంట్లో ఉంచడానికి ఒకరు పొగడ్త వాడారు, ఇంకొకరు తీసివేత వాడారు.

అమెరికా ప్రస్తావన వచ్చింది కనుక మరొక మాట. 1958లో బర్డిక్, లెడరర్ అనే ఇద్దరు రాసిన ‘ది అగ్లీ అమెరికన్’ అనే నవల ప్రసిద్ధమైంది. పరదేశంలో అహంకారంతో ప్రవర్తించే అమెరికన్‌ను ఈ పేరుతో పిలవడం అప్పటినుంచి వాడుకలోకి వచ్చింది. తమాషా ఏమంటే నవలలో ఆ అగ్లీ మనిషి అహంకారి కాడు. హోమర్ ఆట్కిన్స్ అనే ఇంజనీరు. మొరటు చేతులు, అందంలేని ముఖం. ఆగ్నేయాసియాలోని ఒక ఊహాదేశపు పల్లెలో ఉండి సైకిలుతో నడిచే నీటిపంపు తయారుచేస్తాడు. ఆ ఊరి ముసలి ఆడవాళ్ల నడుములు ఎందుకు వంగిపోయాయా అని అతని భార్య ఆలోచించి, పొట్టి చీపుళ్లతో ఊడవడం వల్లనని కనిపెట్టి, పొడుగాటి కర్ర చీపుళ్లు వాడకంలోకి తెస్తుంది. నవల కమ్యూనిస్టు వ్యతిరేకతతో రాసిందే, అమెరికా విదేశాంగ శాఖకు సలహా చెప్పడానికి రాసిందే. ఆ ఎరుకతోనే చదవాలి. కాని టైలు కట్టిన అందగాళ్లను వదిలిపెట్టి పనిచేసేవాడికి ‘అగ్లీ’ అన్న పేరు పెట్టిన తర్వాత, లోకం ఆ పేరును మళ్లీ అహంకారులకే అప్పగించింది. మొరటు చేతులవాడు మంచివాడు కావడం ఆ మాటకు మింగుడుపడలేదు.

ఒక విశేషణం శాసనమైన సందర్భాలూ ఉన్నాయి. సాన్‌ఫ్రాన్సిస్కోలో 1867లో, షికాగోలో 1881లో అంగవైకల్యం గలవారు, రోగులు, చూడడానికి బాగుండనివారు వీధుల్లో కనబడరాదని ఉత్తర్వులు చేశారు. షికాగో ఉత్తర్వు 1974 దాకా పుస్తకంలో ఉన్నది. తరువాతివారు వీటికి అగ్లీ చట్టాలని పేరు పెట్టారు. ఆ మాట ఇక్కడ సరైన చోట పడింది. దూరదేశం కదా అనుకోనక్కరలేదు. 2017 నవంబరులో అమెరికా అధ్యక్షుని కుమార్తె హాజరైన అంతర్జాతీయ సదస్సుకు ముందు హైదరాబాదు వీధుల్లో భిక్షాటనను రెండు నెలలపాటు నిషేధించి, బిచ్చగాళ్లను జైళ్ల ఆవరణల్లోని ఆశ్రయాలకు తరలించారు. బిచ్చం ఎందుకు ఉన్నదన్న ప్రశ్న ఆ ఉత్తర్వులో లేదు, కనబడుతున్నదన్న బాధే ఉన్నది.

అయితే అగ్లీ అనేదంతా చూసేవాడి కల్పన అని నేనంటే, మూసీ నన్ను ఒప్పుకోదు. ఆ నది హైదరాబాదు మురుగునూ పరిశ్రమల వ్యర్థాలనూ మోసుకొని మా జిల్లాలోకి వస్తుంది. 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు కాలువల కింద సూర్యాపేట వైపు రైతులు ఆ నీటితోనే వరి పండించారు. ఏళ్ల తరబడి సూర్యాపేట పట్టణం ఆ నీరే తాగింది. మిర్యాలగూడకు అవతల వాడపల్లి దగ్గర అది కృష్ణలో కలుస్తుంది. నురగలు కట్టిన ఆ నీటిని అందమైనదని చెప్పడం పీడితుల పక్షం వహించడం కాదు. అది నిజంగా రోత. శుభ్రం చేయవలసిందే, నిన్ననే చేయవలసింది. కాని 2024లో పని మొదలైనప్పుడు దానికి జనం నోట నిలిచిన పేరు ‘సుందరీకరణ’. మొదట ఎర్ర అక్షరాలు పడింది నది ఒడ్డున ఉన్న పేదల ఇళ్ల గోడలమీద. మురుగు పంపిన గొట్టాల మీద ఎవరూ ఎర్ర అక్షరాలు రాయలేదు. శుద్ధి అనకుండా సుందరీకరణ అన్నందువల్ల వచ్చిన చిక్కు ఇది. శుద్ధి అంటే మురుగు ఎక్కడినుంచి వస్తున్నదని అడగవలసి వస్తుంది. సుందరీకరణ అంటే ఎదురుగా కనబడేదాన్ని తీసివేస్తే చాలు.

మన సాహిత్యోద్యమం ఈ విషయంలో చేసిన పని చిన్నది కాదు. కవిత్వానికి తగని వస్తువంటూ లేదని శ్రీశ్రీ ‘ఋక్కులు’లో చాటిన తర్వాత, ఇంపైనదే కావ్యవస్తువన్న పాత కట్టడి సడలిపోయింది. 1965లో దిగంబర కవులు తమ మొదటి సంపుటిని ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేసి, సభ్యులు చెవులు మూసుకునే మాటలను కవిత్వంలోకి లాక్కొచ్చారు. రోతను రోత అని అరిచారు. ఆ రోతకు కారణమెవరో చెప్పడంలో వాళ్లకు అప్పట్లో స్పష్టత లేదన్న విమర్శ వచ్చింది. ఆ విమర్శ సబబైనదేనని నా అభిప్రాయం. అదే తూకం మన వచనానికీ వేయాలి. ‘పెట్టుబడిదారీ వ్యవస్థ వికృత రూపం’, ‘భూస్వామ్యపు వికృత చేష్టలు’ అని మన వ్యాసాల్లో వందలసార్లు చదివాము. వికృతం అన్న తర్వాత ఏమి తెలిసింది? కూలి ఎంత, వడ్డీ ఎంత, నీళ్లలో ఏమున్నది అని చెబితే, ఆ విశేషణం లేకపోయినా పాఠకుడికి కడుపులో తిప్పుతుంది.

ఈ ఆఖరి మాటను నేను తరగతిలో వ్యాకరణ అభ్యాసంగానే చెప్పేవాణ్ణి. మునుగోడు, దేవరకొండ వైపునుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లల్లో కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని మాట్లాడతారు. భూగర్భజలంలోని ఫ్లోరైడు వల్ల పండ్లమీద గోధుమరంగు చారలు పడతాయి; ఏళ్లు గడిచిన కొద్దీ ఎముకలకు పాకి మనిషిని వంచేస్తుంది. పటికా సున్నమూ కలిపి ఆ నీటిని బాగుచేసే పద్ధతిని నాగపూరు శాస్త్రజ్ఞులు రూపొందించారు. దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు పడి, ఆ పేరుతోనే అది ఆఫ్రికా పల్లెలదాకా పోయింది. పేరు అంతదూరం పోయినా మా జిల్లాలో ఊళ్లెన్నో దశాబ్దాలపాటు అవే నీళ్లు తాగాయి. విశేషణాల పాఠం రోజున సొంత వాక్యాలు రాయమంటే అటువైపు పిల్లవాడొకడు తన పండ్లు అగ్లీగా ఉన్నాయని ఇంగ్లీషులో రాసి ఇచ్చాడు. వ్యాకరణం ప్రకారం తప్పులేదు.

“ఆ మాట లేకుంట ఇదే సంగతి రాయి నాయనా” అన్నాను.

“అది లేకుంటె ఏం రాయాలె సార్?”

“ఎట్లయినయో రాయి.”

చాలాసేపు కలం కొరుకుతూ కూర్చున్నాడు. మొదట తెలుగులో చెప్పాడు: “మా ఊరి బోరు నీళ్లు నా పండ్లను గిట్ల జేసినయి.” ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు వాక్యానికి కర్త పండ్లు కాక నీళ్లు అయినందువల్ల క్రియ కూడా మార్చవలసి వచ్చింది, ఇద్దరం కలిసి మార్చాము. ఒక్క మాట దగ్గర ఆగి, బోరును ఇంగ్లీషులో ఏమంటారని అడిగాడు. అది ఇంగ్లీషు మాటేనని చెప్పాను.